జాగా ఎవరు మింగినట్టు?

ఆదివారం పొద్దున. ఇంటి నిండా చుట్టాలు. పిల్లాడి పుట్టినరోజు వీడియో తీద్దామని ఫోన్ ఎత్తగానే తెర మీద ఓ హెచ్చరిక... 'స్టోరేజ్ నిండిపోయింది'! గబగబా పాత పెళ్లి ఫొటోలు ఓ రెండొందలు తీసేస్తారు. అయినా అదే మాట. మరో వంద తీసేస్తారు. ఊహూ! ఇంతకీ తీసేసినవన్నీ ఎక్కడికి పోయినట్టు? ఎక్కడికీ పోలేదు. ఆ ఫోన్లోనే చెత్తబుట్టలో కూర్చున్నాయి. నెలో, రెండు నెలలో అక్కడే ఉండి అప్పుడు గానీ నిజంగా పోవు. ఊడ్చిన చెత్తంతా తలుపు మూలన కుప్ప పోసి, ఇల్లు ఇంకా ఇరుగ్గానే ఉందేమిటని విసుక్కున్నట్టు అన్నమాట.

ఫోన్ సంగతి సరే. మహా అయితే ఓ వీడియో పోతుంది. ఇదే తంతు ఓ వ్యాపారం పద్దులన్నీ మోసే సర్వర్‌లో జరిగితే?

జపాన్ కంపెనీ టయోటాకి 2023 ఆగస్టులో అదే జరిగింది. విడిభాగాలకు ఆర్డర్లు పంపే సర్వర్లలో ఆ నెల 27న మామూలు మరమ్మతు పని పెట్టుకున్నారు. డేటాబేస్‌లో పోగుపడ్డ సమాచారాన్ని తీసేసి, సర్దే పని. సర్దుతుండగానే డిస్కులో జాగా చాల్లేదు. సిస్టమ్ ఆగిపోయింది. ఒకటి ఆగితే రెండోది ఉంటుందిగా అనుకుంటారు కదా... ఆ రెండోదీ ఇదే వ్యవస్థ మీద ఉంది, దానికీ అదే గతి. 29న జపాన్‌లోని 14 అసెంబ్లీ ప్లాంట్లూ ఆగిపోయాయి. సమాచారాన్ని ఇంకా పెద్ద సర్వర్‌లోకి మార్చాక, 30న మళ్లీ కార్లు కదిలాయి. హ్యాకర్ల దాడి కాదని, జాగా చాలకే ఇదంతా జరిగిందని కంపెనీయే తర్వాత చెప్పింది. ఇల్లు సర్దడానికైనా కాస్త ఖాళీ నేల కావాలన్న సంగతి అక్కడ గుర్తురాలేదు!

అంత పెద్ద కంపెనీకే తప్పనిది చిన్న ఊళ్లో చిన్న దుకాణానికి తప్పుతుందా? పైగా ఈమధ్య చిన్న ఆఫీసుల్లోకీ 'వర్చువల్ మెషీన్లు' వచ్చేశాయి. అక్కడ జాగా మాయమైతే వెతికి పట్టుకోవడం మరీ చిక్కు.

ఒకే ఇల్లు... మూడు పోర్షన్లు

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటి? ఓ పెద్ద ఇంట్లో గోడలు పెట్టి మూడు పోర్షన్లు చేసి అద్దెకిచ్చారనుకోండి. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి వంటగది వాళ్లది. ఎవరి మటుకు వాళ్లు అదే తమ ఇల్లనుకుంటారు. నేల, కప్పు, నీళ్ల ట్యాంకు మాత్రం ఒక్కటే. అలాగే ఒక్క సర్వర్‌లో మూడు నాలుగు 'కంప్యూటర్లు' కాపురం పెడతాయి. ఒకదాంట్లో పద్దులు, ఒకదాంట్లో బిల్లింగు, మరోదాంట్లో కెమెరాల రికార్డింగు. ఈ పోర్షన్లు కట్టి, కరెంటూ నీళ్లూ పంచే ఇంటి ఓనరు లాంటి సాఫ్ట్‌వేర్‌ని హైపర్‌వైజర్ అంటారు.

ఆలోచన కొత్తదేం కాదు. ఐబీఎం తన పెద్ద యంత్రాల కోసం 1972లోనే 'వీఎం/370' పేరుతో తెచ్చింది. మామూలు ఇంటెల్ కంప్యూటర్లలోకి దాన్ని దింపి పేరు తెచ్చుకున్నది 1998లో కాలిఫోర్నియాలో పుట్టిన వీఎంవేర్. తర్వాత మైక్రోసాఫ్ట్ 'హైపర్-వి' తెచ్చింది. డబ్బు కట్టకుండానే వాడుకోగల 'ప్రాక్స్‌మాక్స్' లాంటివీ వచ్చాయి.

వర్చువల్ మెషీన్ డిస్కంటే నిజం డిస్కు కాదు. బయట సర్వర్‌లో అదో పెద్ద ఫైలు. లోపలున్న విండోస్‌కి మాత్రం తనకో హార్డ్ డిస్కు ఉన్నట్టే కనిపిస్తుంది. కాబట్టి లెక్కలు రెండు... లోపల అద్దెకున్నవాడు చెప్పే లెక్క, బయట ఓనరు చూసే లెక్క. ఆ రెండూ కలవని చోటే జాగా దాక్కుంటుంది.

తాండూరులో ఓ దుకాణం... అనుకుందాం

తాండూరు అంటే రెండు గుర్తొస్తాయి. కందిపప్పు, నాపరాళ్లు. కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బండల సంగతి చెప్పనే అక్కర్లేదు, తెలంగాణలో తాండూరు రాయి పరిచిన ఇల్లు లేని ఊరుండదు. అలాంటి ఊళ్లో బండల పాలిష్ యూనిట్ నడిపే ఓ పెద్దమనిషి ఉన్నాడనుకుందాం. వికారాబాద్‌లో ఆయనకో చిన్న ఆఫీసు. అక్కా తమ్ముళ్ల వరసలో చూస్తే ఆయనకో మేనల్లుడు, హైదరాబాద్‌లో సర్వర్లు చూసే ఉద్యోగం. మామా అల్లుళ్లు ఊహే, దుకాణమూ ఊహే, ఇక్కడ వచ్చే జీబీల అంకెలూ ఊహే. జాగా మాయమయ్యే తీరు మాత్రం ఊహ కాదు. సర్వర్లున్న చోటల్లా జరిగేదే.

శనివారం సాయంత్రం. లారీ లోడై ఉంది. బిల్లు కొట్టబోతే బిల్లింగు మెషీన్ బిగుసుకుపోయింది. పద్దులదీ అంతే. కెమెరాల తెర నల్లగా ఉంది. మూడూ ఒకేసారి! సర్వర్ అమ్మినతను ఫోన్‌లో వినీ వినగానే తేల్చేశాడు... 'డిస్కులు నిండినయ్ సార్. కొత్తవి వెయ్యాలె. బిగింపుతోటి లక్షన్నర దాకా అయితది'. నిండాయన్నది నిజమే. ఏం తిని నిండాయో అతను చెప్పలేదు. అమ్మేవాడికి ఆ ప్రశ్నతో పనేముంది?

ఆదివారం పొద్దున లింగంపల్లిలో రైలెక్కిన అల్లుడు వికారాబాద్, ధారూరు దాటుకుని తాండూరులో దిగాడు. మామ అప్పటికే కాగితం మీద లెక్క వేసి పెట్టాడు.

'అల్లుడూ, పద్దుల మిషిన్ల 180 జీబీ నిండిందని చూపిచ్చింది. బిల్లింగుల 90. కెమెరాలది 250. అన్నీ కలిపితే 520. డిస్కేమో రెండు టీబీలది కొన్న. పావు వంతు కంటె కొంచెం ఎక్కువ. లోపల జూస్తే ఇంత ఖాళీ ఉంది, బయట జూస్తే జాగ లేదంటది. మరి తిన్నదెవ్వరు?'

ప్రశ్న బాగుంది. లక్షన్నర ఖర్చు పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న అదే.

మొదటి దొంగ దొంగే కాదు, తూకం తేడా. డిస్కు అమ్మేవాళ్లు వెయ్యి జీబీలని ఒక టీబీ అంటారు. కంప్యూటర్ చాలా చోట్ల 1024ల లెక్కన కొలుస్తుంది. అందుకే రెండు టీబీల డిస్కు బిగిస్తే దాదాపు 1862 జీబీలే అని చూపిస్తుంది. కొత్త పెన్‌డ్రైవ్ కొన్నప్పుడల్లా 'మోసం' అనిపించేది దీనివల్లే. సరుకు తగ్గలేదు, కాంటా వేరు.

అయినా 1862లోంచి 520 తీసేస్తే ఇంకా 1342 జీబీల లెక్క తేలాలి. సర్వర్ బయటి తలుపు తీసి, ఓనరు లెక్క చూస్తే గానీ అది తేలదు. అల్లుడు ఫైళ్ల జాబితా తెరిచాడు.

పద్నాలుగు నెలల కిందటి ఫొటో

పద్దుల మెషీన్ డిస్కు 500 జీబీలది. ముందే మొత్తం జాగా కట్టేసుకునే రకం. కాబట్టి లోపల 180 ఉన్నా బయట 500 పట్టుకుని కూర్చోవడంలో తప్పు లేదు. దాని పక్కనే మరో ఫైలుంది. పేరు చివర 000001. సైజు 390 జీబీలు!

అప్పుడే వికారాబాద్ ఆఫీసు నుంచి ఫోన్. అక్కడ కంప్యూటర్లు చూసుకునే కుర్రాడు కూడా ఈ జాబితానే తెరిచి చూస్తున్నాడు.

'అన్నా, గీ సున్నాల ఫైలు చూసినవా? ఎన్నడో తీసి మర్సిపోయిన ఫొటో లెక్కుంది. మెషీన్ ఎట్లాగు నడుస్తలేదు, మొత్తం బంద్ చేసి దీన్ని తీసేద్దునా? ఒక్క దెబ్బకు నాలుగొందలు ఖాళీ అయితది.'

'తమ్మీ, ఆగు! దాని జోలికి పోకు. పద్నాలుగు నెలల బాకీలన్నీ దాన్లనే ఉన్నయ్.'

అసలు చిక్కంతా ఇక్కడే. స్నాప్‌షాట్ అన్న పేరే మనుషుల్ని పక్కదారి పట్టిస్తుంది. ఫొటో అంటే ఓ పాత క్షణం ఆల్బమ్‌లో పడి ఉంటుంది, పారేస్తే పోయేది ఆ జ్ఞాపకమే అనుకుంటాం. వర్చువల్ మెషీన్లో జరిగేది దానికి తలకిందులు. దుకాణంలో ఓ రోజు పద్దుల పుస్తకం మూసి, తాళం వేసి, 'ఇక ఇందులో ఒక్క అక్షరం రాయొద్దు' అన్నారనుకోండి. ఆ రోజు నుంచి వచ్చిందీ పోయిందీ అంతా పక్కనున్న కొత్త నోటుబుక్కులో రాస్తారు. పాత పేజీలో ఓ అంకె మారాలన్నా, మార్చిన అంకెను కొత్త బుక్కులోనే రాస్తారు. ఇవాళ్టి నిల్వ ఎంతో తెలియాలంటే రెండూ ముందు పెట్టుకోవాలి. స్నాప్‌షాట్ తీయడమంటే ఇదే. తాళం పడేది పాత డిస్కు మీద. 000001 అన్నది ఆ కొత్త నోటుబుక్కు. పాతది పదిలంగానే ఉంటుంది, ఇవాళ్టిదంతా ఆ 'చెత్త'లా కనిపించే ఫైల్లోనే!

మామ దుకాణంలో పద్నాలుగు నెలల కింద పద్దుల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి మార్చారు. తేడా వస్తే వెనక్కి పోవడానికి వీలుగా ముందు ఓ స్నాప్‌షాట్ తీశారు. మంచి అలవాటే. అంతా బాగానే నడిచింది. స్నాప్‌షాట్ తీసేయడం మాత్రం ఎవరికీ గుర్తులేదు. అనంతగిరి కొండల్లో మూసీ పుట్టే చోట నిలబడి చూస్తే ఇదేనా హైదరాబాద్‌ని ముంచిన నది అనిపిస్తుంది. ఈ ఫైలూ అంతే. పుట్టినరోజున కాసిన్ని ఎంబీలు. రోజూ విండోస్ అప్‌డేట్లు, తాత్కాలిక ఫైళ్లు, పద్దులు... ఏ చిన్న మార్పు అయినా అందులోనే పడుతుంది. అలా పెరిగి పెరిగి అసలు డిస్కంత అయ్యే దాకా పోగలదు. ఒకదాని మీద ఒకటి నాలుగు స్నాప్‌షాట్లు తీస్తే? నాలుగూ తింటాయి. మెషీన్ నెమ్మదిస్తుంది కూడా... నాలుగు బుక్కులు తిరగేసి జవాబు చెప్పాలి కదా. ఒక స్నాప్‌షాట్‌ని 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ చెప్పింది ఇందుకే. స్నాప్‌షాట్ అంటే బ్యాకప్ కాదనీ అదే చెబుతుంది. అసలు డిస్కు పోతే నోటుబుక్కు ఒక్కటీ ఎందుకూ పనికిరాదు మరి.

ఇంకో సంగతి. స్నాప్‌షాట్ మనమే తీయక్కర్లేదు. రాత్రిళ్లు బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్లు కూడా తమ పని కోసం ఒకటి తీసి, పనయ్యాక తీసేస్తాయి. మధ్యలో కరెంటో నెట్‌వర్కో పోతే అది అక్కడే ఉండిపోతుంది. ఒక్కోసారి స్నాప్‌షాట్ల జాబితాలో పేరు పోయి ఫైలు మాత్రం మిగులుతుంది. జాబితా ఖాళీగా ఉందని నిశ్చింతగా ఉంటే అంతే సంగతులు. డిస్కులో ఫైళ్లు కూడా చూడాలి. హైపర్-విలో వీటిని చెక్‌పాయింట్లు అంటారు, ఫైలు పేరు చివర ఏవీహెచ్‌డీఎక్స్ అని ఉంటుంది.

వికారాబాద్ కుర్రాడు ఆ ఫైల్ని చేత్తో తీసేసి ఉంటే? మెషీన్ నడుస్తున్నంత సేపూ ఫైలుకి తాళం పడి ఉంటుంది కాబట్టి సర్వర్ ఒప్పుకోదు. ఆపేశాక అడ్డు చెప్పేవాళ్లుండరు. ఒక్క క్లిక్కుతో దుకాణం పద్నాలుగు నెలలు వెనక్కి పోయేది. ఎవరు ఎన్ని చదరపు అడుగుల బండ తీసుకెళ్లారు, ఎవరెంత బాకీ... ఏదీ ఉండేది కాదు. సరైన పద్ధతి ఒక్కటే. స్నాప్‌షాట్ మేనేజర్లోకి వెళ్లి 'డిలీట్' అనాలి. ఆ మాట వినడానికి భయంగా ఉంటుంది గానీ, అది కొత్త బుక్కులోని రాతలన్నిటినీ పాత పుస్తకంలోకి ఎక్కించి, ఆ తర్వాతే కొత్తదాన్ని పారేస్తుంది. పక్కనే ఉండే 'రివర్ట్' నొక్కితే మాత్రం కొత్త బుక్కు చింపేసినట్టే!

తాళంచెవి తిరిగివ్వని గోదాము

కెమెరాల మెషీన్ కథ వేరు. దాని డిస్కు 600 జీబీలది, అయితే వాడినంతే పెరిగే రకం. దీన్ని 'థిన్' అంటారు. మొదట్లో కెమెరాల రికార్డింగు రెండు నెలలు దాచేవారు. తర్వాత ఇరవై రోజులు చాలనుకుని పాతవి తీసేశారు. లోపల 250 జీబీలే ఉంది. బయట ఫైలు సైజు చూస్తే 590!

ఎందుకంటే ఈ రకం డిస్కుకి పెరగడమే తెలుసు, తనంతట తాను తగ్గడం తెలీదు. గంజ్‌లో ఓ వ్యాపారి కందుల బస్తాలు పెట్టడానికి గోదాములో ఒక్కో అర అద్దెకు తీసుకున్నాడనుకోండి. సరుకు అమ్ముడుపోయింది. అరలు ఖాళీ. కానీ తాళంచెవులు ఆయన జేబులోనే ఉన్నాయి. గోదాము యజమాని లెక్కలో అవి నిండినట్టే, మరొకరికి ఇవ్వలేడు. లోపలి విండోస్ కూడా అంతే. ఫైలు తీసేసినప్పుడు తన పట్టికలో పేరు కొట్టేసుకుంటుంది. ఆ అర ఖాళీ అయిందని బయటివాడికి చెప్పకపోతే బయటివాడికి తెలిసే దారి లేదు. అలా చెప్పే సంకేతానికి 'ట్రిమ్' అనీ 'అన్‌మ్యాప్' అనీ పేర్లున్నాయి. కొత్త వెర్షన్లలో అన్నీ సరిగ్గా కుదిరి ఉంటే అదే జరిగిపోతుంది. పాత వాటిలో, స్నాప్‌షాట్ల మీద నడుస్తున్న వాటిలో చాలాసార్లు జరగదు.

పాత చిట్కా ఒకటుంది. లోపలి ఖాళీ జాగా అంతా సున్నాలతో నింపి, తర్వాత బయటి నుంచి ఫైల్ని కుదించడం. పనిచేస్తుంది. అయితే సున్నాలు నింపేటప్పుడు ఆ ఫైలు ముందు పూర్తి సైజుకి ఉబ్బుతుంది. ఇప్పటికే నిండిన డిస్కు మీద ఈ చిట్కా వేస్తే, ఊపిరాడని వాడికి బిర్యానీ పెట్టినట్టే.

ఈ థిన్ డిస్కుల్లో మరో ప్రమాదం ఉంది. ఉన్న జాగా కంటే ఎక్కువ జాగా ఇస్తానని మాట ఇవ్వొచ్చు. వెయ్యి జీబీలున్న చోట ఐదు మెషీన్లకు తలా 500 అని చెప్పొచ్చు. ఎవరూ ఒకేసారి నింపరులే అన్న ధీమా. చీటీ నడిపే వాళ్లకు ఈ ధీమా గురించి బాగా తెలుసు. సభ్యులంతా ఒకే నెలలో ఎత్తుకుంటామని వచ్చి కూర్చుంటే ఏమవుతుంది? సర్వర్లో అయితే కొత్తగా జాగా అడిగిన మెషీన్లన్నీ ఉన్నచోటే ఆగిపోతాయి. శనివారం సాయంత్రం మూడూ ఒక్కసారే బిగుసుకుపోయింది అందుకే. బిల్లింగు మెషీన్‌దీ ఇదే రకం డిస్కు. లోపల 90 ఉంటే బయట 140 అయి ఉంది.

రేషన్ కార్డులో పేరు తీసేస్తే...

ఇంకా మిగిలిన చిల్లర లెక్కలున్నాయి. చిల్లరే గానీ కలిపితే తక్కువేం కాదు.

మెషీన్ ఆన్‌లో ఉన్నంత సేపూ వీఎంవేర్ దాని మెమరీ ఎంతో అంత సైజులో ఓ ఫైలు డిస్కులో పెట్టుకుంటుంది. మెమరీ చాలకపోతే వాడుకోవడానికన్నమాట. మెమరీని ప్రత్యేకంగా రిజర్వ్ చేస్తే ఆ మేరకు ఫైలు తగ్గుతుంది. మామ సర్వర్లో మూడు మెషీన్లకు 16, 8, 8 జీబీల మెమరీ. వెరసి 32. మెషీన్ నెమ్మదిగా ఉందని మెమరీ పెంచుతారు, దాంతో డిస్కు నిండుతుంది. ఆ రెండిటికీ సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది? మెషీన్ ఆపేస్తే ఈ ఫైలు దానంతటదే పోతుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు కాస్త జాగా దొరికే దారి కూడా ఇదే.

తర్వాత 170 జీబీల అనాథ. 2022లో పాత బిల్లింగు మెషీన్‌ని జాబితాలోంచి తీసేశారు. ఫైళ్లు తీసేయలేదు. వీఎంవేర్‌లో 'జాబితాలోంచి తీసేయ్' వేరు, 'డిస్కులోంచి తీసేయ్' వేరు. హైపర్-వి మేనేజర్‌లో అయితే మెషీన్‌ని డిలీట్ చేసినా దాని డిస్కు ఫైళ్లు అలాగే ఉంటాయి. రేషన్ కార్డులో పేరు తీసేసినంత మాత్రాన మనిషి ఇల్లు వదిలి పోతాడా? ఇంట్లోనే ఉంటాడు, మూడు పూటలా తింటాడు. కార్డు చూసే వాళ్లకు మాత్రం కనిపించడు.

పైన 30 జీబీల ఇన్‌స్టలేషన్ సీడీల కాపీలు, ఎప్పుడో వాడి వదిలేసినవి. ఇంకో 10 లాగులూ గట్రా. అల్లుడు కాగితం వెనక్కి తిప్పి కూడాడు. పద్దులది 500, 390. కెమెరాలది 590. బిల్లింగుది 140. తర్వాత 32, 170, 30, 10. మొత్తం 1862. అణా పైసలతో సహా సరిపోయింది.

'అంటే కొత్త డిస్కు అక్కర్లేదంటవా?'

'ఇప్పుడైతే అక్కర్లేదు మామా. కానీ ముందు కాపీ తియ్యాలె. కాపీ లేకుంట చెయ్యి పెట్ట.'

ఈ పట్టుదల దగ్గరే పనివాడెవరో, పని చేసినట్టు కనిపించేవాడెవరో తేలిపోతుంది. జాగా వెతకడం ఓ గంట పని. ఏది ఎవరిదో కనుక్కోవడం, తీసే ముందు దాచడం... దానికే రోజంతా పడుతుంది. మెషీన్లన్నీ సరిగ్గా ఆపేశాడు. 32 జీబీలు ఖాళీ. సీడీల కాపీలు తన ల్యాప్‌టాప్‌కి మార్చాడు, ఇంకో 30. పద్దుల మెషీన్ ఫైళ్లు రెండూ, 890 జీబీలు, నెట్‌వర్క్ మీదుగా మరో కంప్యూటర్‌కి తగిలించిన డిస్కులోకి కాపీ పెట్టాడు. మామూలు గిగాబిట్ తీగ మీద అది రెండున్నర గంటలకు తక్కువ కాదు. ఈలోపు మామింట్లో భోజనం.

పాత బిల్లింగు మెషీన్ అనాథని మాత్రం మామ వెంటనే తీయనివ్వలేదు. 'దాన్ల పాత జీఎస్టీ బిల్లులున్నయేమో జూడు' అన్నాడు. ఉన్నాయి. దాన్ని కూడా బయటి డిస్కుకి మార్చాకే తీశారు. సర్వర్ గురించి ఏమీ తెలియని మనిషి అడిగిన ఆ ఒక్క మాట, తెలిసిన వాళ్లు కూడా చాలాసార్లు అడగరు.

ఇంకా లోపలికి వెళ్తే...

ఇదంతా ఓనరు వైపు నుంచి చూసింది. పోర్షన్ లోపల కూడా కనిపించని మేతలుంటాయి. విండోస్‌లో ఫైళ్ల పాత రూపాలు దాచే షాడో కాపీలు మామూలుగా ఫోల్డర్లలో కనపడవు. లైనక్స్‌లో ఇంకో తమాషా. ఏదో ప్రోగ్రామ్ రాస్తున్న లాగు ఫైల్ని తీసేస్తే పేరు పోతుంది, ఆ ప్రోగ్రామ్ దాన్ని వదిలేదాకా జాగా మాత్రం రాదు. ఫైళ్లన్నీ కూడితే ఒక లెక్క, డిస్కుని అడిగితే మరో లెక్క. ఆ ప్రోగ్రామ్‌ని ఒకసారి ఆపి నడిపితే రెండు లెక్కలూ కలుస్తాయి. రాత్రి రెండింటికి ఇలాంటి తేడా దొరక్క తలపట్టుకున్న కుర్రాళ్లు ప్రతి ఐటీ ఆఫీసులోనూ ఉంటారు.

వెతకడానికి పనిముట్లకేం కొదవలేదు. వీఎంవేర్ వాడే వాళ్లకు ఆర్‌వీటూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చిరకాల నేస్తం. ఏ మెషీన్‌కి ఏ తేదీ స్నాప్‌షాట్ ఉందో, ఏ డిస్కు ఫైలుకి యజమాని లేడనిపిస్తోందో పట్టికలా ఇస్తుంది. యజమాని లేనివాటిని అది 'జాంబీ'లంటుంది! అలా అన్నంత మాత్రాన కళ్లు మూసుకుని తీసేయడానికి లేదు. మరో సర్వర్ వాడుకుంటున్న ఫైలు కూడా ఇక్కణ్నుంచి చూస్తే అనాథలాగే కనిపించొచ్చు.

వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొన్నాక లైసెన్సుల పద్ధతి మారి, ఖర్చు పెరిగిందని చాలా చిన్న సంస్థలు ప్రాక్స్‌మాక్స్‌కో హైపర్-వికో మకాం మార్చాయి. ఇల్లు మారేటప్పుడు అటక మీద మూటలు విప్పి చూడకుండా కొత్తింటి అటక మీదికి ఎక్కించే వాళ్లుంటారు చూశారూ... అలా పదేళ్ల నాటి స్నాప్‌షాట్లనీ, అనాథల్నీ మోసుకెళ్లిన వాళ్లకు కొత్త చోటా అదే ఇరుకు.

సొంత సర్వర్ ఎందుకు, క్లౌడ్‌లో పెట్టేస్తే సరి అంటారు కొందరు. అక్కడ డిస్కు నిండదు నిజమే, బిల్లు నిండుతుంది. అమెజాన్ క్లౌడ్‌లో మెషీన్‌ని ఆపేసినా దాని డిస్కుకి అద్దె నడుస్తూనే ఉంటుంది. మెషీన్‌ని పూర్తిగా తీసేసినా, విడిగా తగిలించిన డిస్కులు చాలాసార్లు అలాగే మిగులుతాయి. స్నాప్‌షాట్లకు అద్దె వేరే. క్లౌడ్ అంటే మబ్బు కదా అని ఆకాశంలో వెతకక్కర్లేదు. వికారాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే రోడ్డు మీద చేవెళ్ల వస్తుంది. అక్కణ్నుంచి దూరమేమీ లేని షాబాద్ మండలంలోని చందనవెల్లి, అమెజాన్ తన డేటా సెంటర్లకు ఎంచుకున్న చోట్లలో ఒకటి. ఆ కంపెనీ హైదరాబాద్ క్లౌడ్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. ఎవరో ఎప్పుడో మర్చిపోయిన స్నాప్‌షాట్ కోసం కూడా అలాంటి భవనాల్లోనే ఎక్కడో డిస్కు తిరుగుతూ ఉంటుంది, కరెంటు కాలుతూ ఉంటుంది.

తాండూరు స్టేషన్‌లో...

సాయంత్రం నాలుగైంది. కాపీ అయిపోయింది. దాన్ని తెరిచి, నిన్నటి చివరి బిల్లు అందులో ఉందని మామ కళ్లతో చూసుకున్నాకే అల్లుడు స్నాప్‌షాట్ మేనేజర్ తెరిచాడు. అసలు డిస్కు ముందే 500 జీబీలూ కట్టేసుకుని ఉంది కాబట్టి, కలిపేటప్పుడు అది ఇంకా పెరిగే భయం లేదు. అదే థిన్ డిస్కయితే ముందు మరికాస్త జాగా చూసుకోవాల్సి వచ్చేది. 'డిలీట్' నొక్కాడు. గీత మెల్లగా కదలడం మొదలైంది. ఇలాంటివి ఒక్కోసారి గంటల తరబడి నడుస్తాయి. ఆగిపోయిందేమో అనిపిస్తుంది. మధ్యలో సర్వర్ ఆపేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆపకూడదు.

కెమెరాల మెషీన్ పని వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు. పద్దులు కలిసి, 390 జీబీలు చేతికొచ్చాక దాన్ని నింపాదిగా కుదించొచ్చు. అల్లుడు ఓ పాత క్యాలెండర్ తీసి సర్వర్ పక్కన గోడకి తగిలించాడు. స్నాప్‌షాట్ తీసిన వాళ్లు ఆ తేదీ గడిలో తమ పేరూ, ఎందుకు తీశారో, ఎప్పుడు తీసేస్తారో రాయాలి. వికారాబాద్ కుర్రాడికీ ఫోన్ చేసి చెప్పాడు. 'మరి రాసుడు మర్సిపోతే?' అన్నాడతను. 'ప్రతి సోమవారం జాబితా తెరిచి నువ్వే చూడాలె తమ్మీ' అని జవాబు.

చీకటి పడుతుండగా మామ స్కూటర్ మీద స్టేషన్ దాకా వచ్చాడు. రైలు వచ్చే వేళయింది. అల్లుడు ఫోన్ తీసి చూశాడు... 63 శాతం.

'అయితదా?'

'అయితది మామా. కరెంటు పోకుండ ఇన్వర్టర్ జూస్కో. ఎవ్వర్నీ దాని దగ్గరికి రానీయకు.'

రైలు కదిలింది. ధారూరు దాటాక మళ్లీ చూశాడు. 71.